హిచిన్ బడిలో ఇసుక

ఏ బడికి వెళ్లినా నేను ముందు చూసేది కిటికీలు. వెలుతురు పిల్లల పలక మీద పడుతుందా, కళ్లలో కొడుతుందా అని. ముప్పై ఒక్క ఏళ్లు టీచరు పని చేస్తే వచ్చిన అలవాటు అది. పోయిన అక్టోబరులో హిచిన్ ఊళ్లోని పాత బడి గదిలో అడుగుపెట్టినప్పుడూ తల పైకెత్తాను. కిటికీలు మనిషికి అందనంత ఎత్తులో ఉన్నాయి. వాటి కింద గోడ పొడుగునా ఖాళీ. అంత గోడ ఎందుకు వదిలేశారో వెంటనే అర్థం కాలేదు.

హిచిన్ లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉంది. మా అమ్మాయి కాపురం ఉండే స్టీవెనేజ్‌లో రైలెక్కితే తర్వాతి స్టేషనే. మనవరాలికి ఎనిమిదేళ్లు. వాళ్ల బడివాళ్లు అంతకుముందే ఒకసారి తీసుకుపోయి చూపించారట. "అవ్వా, అక్కడ నీ బడి మాదిరే ఉంది, పోదాం రా" అని రెండు వారాలు వెంటపడింది. నా బడిని అది ఫోటోలోనే చూసింది. బండలు పరిచిన ఒక్క గది, ముందర వేపచెట్టు, గోడకు నల్లబల్ల. ఒక్క గది అన్నంతవరకు దాని మాట నిజమే.

ఆ మ్యూజియం పేరు బ్రిటిష్ స్కూల్స్ మ్యూజియం. క్వీన్ స్ట్రీట్‌లో ఉంది. 1810లో విలియం విల్షియర్ అనే లాయరు ఈ స్థలంలో పేదపిల్లలకు బడి పెట్టాడు. అప్పుడది కొత్త కట్టడమేం కాదు, బీరు కోసం బార్లీ గింజలు మొలకెత్తించే పాత కొట్టం. 1837లో ఆ కొట్టం పోయి, ఇప్పుడు మేం నిలబడ్డ ఈ పెద్ద గది లేచింది. 300 మంది మగపిల్లలు, ఒకే ఒక్క మాస్టరు. ఇట్లాంటి గదులు ఇంగ్లండ్ నిండా ఒకప్పుడు ఉండేవి. ఇంత పూర్తిగా మిగిలింది మాత్రం ఇదొక్కటే అని చెబుతారు.

300 అనే అంకె దగ్గర నేను ఆగిపోయాను. నా సర్వీసులో ఎక్కువ భాగం ఏకోపాధ్యాయ పాఠశాలల్లో గడిచింది. ఒక ఊళ్లో అయిదు తరగతులకు కలిపి 43 మంది ఉంటే, మధ్యాహ్నానికి గొంతు పోయేది. 300 మందిని ఒక్క మనిషి ఎట్లా చూస్తాడు?

చూడడు. చూడాల్సిన పనిలేకుండా ఏర్పాటు చేశారు. మాస్టరు పొద్దున్నే కొంచెం పెద్దపిల్లలకు పాఠం చెబుతాడు. వాళ్లు మానిటర్లు. ఒక్కో మానిటరు పది పన్నెండు మందిని వెంటేసుకుని అదే పాఠం చెప్పాలి. బల్లల మీద రాత, లెక్కలు అయ్యాక పిల్లలు లేచి గోడల వెంబడి అర్ధచంద్రాకారంలో నిలబడతారు. గోడకు తగిలించిన అట్ట మీద పాఠం ఉంటుంది. ఒక్క అట్టను పది మంది చదువుతారు కాబట్టి పది పుస్తకాలు కొననక్కర్లేదు. గోడ ఖాళీగా వదిలింది అందుకు. కిటికీలు పైన పెట్టింది అందుకు. ఒక మనిషి ఆలోచనే గోడగా నిలబడినట్టు అనిపించింది నాకు.

ఆ మనిషి పేరు జోసెఫ్ లాంకాస్టర్. 1798లో లండన్‌లోని సదర్క్‌లో బడి మొదలుపెట్టినప్పుడు ఇరవై ఏళ్లవాడు. క్వేకర్ మతస్థుడు. ఆయన పద్ధతిని నడిపిన సంఘానికి 1814లో బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీ అని పేరు పెట్టారు. దాని కిందివి కాబట్టి ఇవి బ్రిటిష్ స్కూల్స్.

గది ముందు భాగంలో అన్నిటికన్నా చిన్నపిల్లలు కూర్చునే చోట ఒక పళ్ళెం పెట్టారు. అడుగున నల్ల రంగు, దాని మీద పలచగా పొడి ఇసుక. వాలంటీరుగా పనిచేసే ఒక పెద్దావిడ మమ్మల్ని దగ్గరికి పిలిచింది. పలక బలపం చేతికిచ్చే ముందు చిన్నపిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దేవాళ్లనీ, మానిటరు బట్టల ఇస్త్రీపెట్టె లాంటి దానితో ఆ ఇసుకను చదును చేసి తర్వాతి అక్షరం చెప్పేవాడనీ వివరించింది. "మీరూ రాసి చూడండి" అంది.

చూపుడు వేలు ఇసుకలో పెట్టాను. వేలు తనంతట తానే గుండ్రంగా తిరిగింది. ఓ పడింది.

మా అబ్బ చదువుకున్నది ఇట్లాగే. పత్తికొండ తాలూకాలో మా ఊరి షావుకారు ఇంటి తిన్నె మీద వీధిబడి. హంద్రి ఏటి ఇసుకను జల్లెడ పట్టి, తిన్నె మీద పరిచి, అయ్యవారు చెయ్యి పట్టుకుని ఓనమాలు దిద్దించేవాడు. మొదటి నెలంతా సాయంత్రానికి వేలి కొస ఎర్రగా కమిలి మంటపుట్టేదని అబ్బ చెప్పేవాడు. బాగా రాసే పెద్దపిల్లవాడిని పక్కన కూర్చోబెట్టి అయ్యవారు ఊరిపనుల మీద వెళ్లిపోయేవాడట. అబ్బకు గుణింతాలు వచ్చింది అయ్యవారి దగ్గర కాదు, తనకన్నా రెండేళ్లు పెద్దవాడైన ఒక పిల్లవాడి దగ్గర. ఆ పిల్లవాడిని ముసలితనంలో కూడా అబ్బ పేరు పెట్టి పిలవలేదు.

ఇంగ్లండులో ఒక బడి గదిలో ఆ ఇసుకా, ఆ పెద్దపిల్లవాడూ కనిపించడం యాదృచ్ఛికం కాదు.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టిన ఆండ్రూ బెల్ అనే మతగురువు 1787లో మద్రాసు వచ్చాడు. 1789లో ఎగ్మూరులో సైనికుల పిల్లల కోసం నడిచే అనాథ బాలుర ఆశ్రమానికి పెద్ద అయ్యాడు. ఒకరోజు గుర్రం మీద పోతూ దారిలో ఒక బడి చూశాడు. పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేలితో రాస్తున్నారు. అప్పటి ఇంగ్లీషువాళ్లు తమిళులను మలబారులనేవారు, బెల్ కూడా దాన్ని మలబారు బడి అనే రాసుకున్నాడు. అంటే అది తమిళుల తిన్నె బడి. తిరిగొచ్చి తన ఆశ్రమంలో ఇసుక పరచమంటే కింది మాస్టర్లు కుదరదన్నారు. దాంతో బెల్ ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్‌ను పిలిచి అక్షరాల తరగతి వాడికి అప్పగించాడు. పని జరిగింది. తర్వాత మిగతా తరగతులకూ అదే చేశాడు. 1797లో లండన్‌లో ఆ ప్రయోగం మీద చిన్న పుస్తకం అచ్చువేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు నిలిచింది. ఆయన వదిలిపోయిన డబ్బుతో సెయింట్ ఆండ్రూస్‌లో పెట్టిన బడిని ఇప్పటికీ మద్రాస్ కాలేజీ అంటారు.

లాంకాస్టర్ మానిటర్ల పద్ధతిని తనంతట తానే కనిపెట్టానన్నాడు. ఇసుక విషయంలో మాత్రం బెల్ పుస్తకానికి రుణపడ్డానని ఒప్పుకున్నాడు. తర్వాత ఇద్దరి మధ్యా పెద్ద తగాదా. ఇంగ్లండు చర్చి బెల్ పక్షాన, చర్చికి వెలుపలి క్రైస్తవులు లాంకాస్టర్ పక్షాన. రెండు పక్షాలవాళ్లూ పోటీపడి వేల బడులు కట్టారు. తిన్నె మీద కూర్చున్న ఆ పేరులేని అయ్యవారిని ఆ తగాదాలో ఎవరూ సాక్షిగా పిలవలేదు.

నాకు ఈ సంగతులు తెలిసింది రిటైరయ్యాక, ధర్మపాల్ గారి పుస్తకం చదివినప్పుడు. 1931 అక్టోబరు 20న గాంధీగారు లండన్‌లో మాట్లాడుతూ, యాభై నూరేళ్ల కిందటి కన్నా ఇప్పుడు దేశంలో చదువురానివాళ్లు పెరిగారన్నారు. మన చదువును వేరు తవ్వి చూసి ఎండిపోనిచ్చిన అందమైన చెట్టుతో పోల్చారు. ఆ మాటకు ఆధారాలు వెతుకుతూ ధర్మపాల్ పాత రికార్డులన్నీ బయటికి తీసి 1983లో పుస్తకంగా వేశారు. అందులో నాకు సొంతిల్లులా అనిపించే పేజీలు కొన్నున్నాయి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ ఒక లెక్క అడిగాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెంతమంది, ఏ కులాలవాళ్లు, ఏ పుస్తకాలు. మన్రో మా సీమకు కొత్తవాడు కాదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరు. 1827లో కలరాతో చనిపోయింది కూడా మా పత్తికొండలోనే. ఆయన అడిగిన లెక్కకు 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు అన్నిటిలోకి వివరమైనది. ఈ క్యాంప్‌బెల్ తెలుగువాళ్లకు పరాయివాడు కాదు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో నిఘంటువు అచ్చువేయించిన మనిషి. అప్పట్లో మా పత్తికొండ తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడే ఇటు వచ్చింది. కాబట్టి ఆయన లెక్కలో మా తిన్నెలూ ఉన్నాయి.

జిల్లా జనం 9,27,857. బడులు 533. పిల్లలు 6,641. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఇంగ్లీషు బడి ఒక్కటి. పిల్లల్లో బ్రాహ్మణులు 1,185 మంది, వైశ్యులు 981 మంది, శూద్రులు 2,998 మంది, ఇతర కులాలు 1,174 మంది, ముస్లింలు 243 మంది. ఆడపిల్లలు 60 మంది. నేను ఈ చివరి అంకెను మళ్లీ మళ్లీ చూసుకుంటాను. జిల్లా మొత్తానికి 60 మంది. పాత తిన్నె బడిని తలుచుకుని పొంగిపోబోయినప్పుడల్లా ఆ అంకె నా కొంగు పట్టి ఆపుతుంది. ఆ రోజుల్లో పుట్టి ఉంటే నేను తిన్నె కింద వాకిలి ఊడుస్తూ లోపలి పాఠం వినేదాన్ని.

క్యాంప్‌బెల్ రాసిన బడి మా అబ్బ చెప్పిన బడే. అయిదో ఏట పిల్లవాణ్ని వినాయకుడి ముందు కూర్చోబెట్టి బియ్యంలో వేలితో రాయించడం, తర్వాత ఇసుక, తర్వాత పలక, బొగ్గుపొడి పట్టించిన బట్టతో చేసిన కడితం, దాని మీద బలపం. పొద్దున ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేకొద్దీ పెరుగుతాయి. అబ్బ కాలానికీ ఇదే వరస. చలికాలం తెల్లవారుజామున గొంగడి కప్పుకుని సరస్వతి కోసం పరుగెత్తేవాళ్లమని చెప్పేవాడు. మొండివాళ్లకు కోదండం. దూలానికి కట్టిన తాడు పట్టుకుని కాళ్లు నేలకు తగలకుండా వేలాడాలి.

హిచిన్‌లో పెద్దావిడకు కోదండం గురించి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. లాంకాస్టర్ బెత్తం వద్దన్నాడు. దాని బదులు తప్పు చేసినవాణ్ని బుట్టలో పెట్టి అందరికీ కనిపించేలా దూలానికి వేలాడదీయమన్నాడు. మెడకు కర్రదుంగ కట్టమన్నాడు. దెబ్బ కన్నా నవ్వులపాలు చేయడం మేలని ఆయన అనుకున్నాడు. పిల్లల్ని ఎరిగిన మనిషి ఎట్లా అనుకోగలడో నాకు తెలియదు. దెబ్బ సాయంత్రానికి మానుతుంది.

క్యాంప్‌బెల్ ఇంకో మాట కూడా రాశాడు. ముదిరిన పిల్లలు వెనకబడ్డవాళ్లకు చెప్పే పద్ధతి, చెప్పడం వల్ల వాళ్ల చదువు కూడా గట్టిపడే పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండులో దాన్ని అనుసరించడం సబబేననీ దాని సారాంశం. లోపాలూ చెప్పాడు. పిల్లలు అర్థం తెలియని పద్యాలు బట్టీ పడుతున్నారన్నాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, బడులు ఎందుకు తగ్గుతున్నాయో చెప్పాడు. ఇంగ్లండు మిల్లు బట్టలొచ్చి మన నేతగాళ్ల బతుకు పోయింది, దేశం పేదదయింది, ఒకప్పుడు బడులున్న ఎన్నో ఊళ్లలో ఇప్పుడు లేవు. కుంపిణీ కొలువులో ఉన్న కలెక్టరు కుంపిణీకే ఈ మాట రాయడం చిన్న విషయం కాదు.

మనవరాలు గోడ దగ్గర నిలబడి అట్ట మీది మాటలు గట్టిగా చదువుతోంది. నేను ఒక బల్ల చివర కూర్చుని మనసులో భాగహారం చేశాను. 6,641ని 533తో భాగిస్తే పన్నెండు చిల్లర. మా సీమ తిన్నె మీద సగటున పన్నెండు మంది. ఆ పన్నెండు మందిలో ఎవడు ఎవడికి చెబుతున్నాడో, ఎవడి వేలు కమిలిందో, ఎవడి ఇంట్లో పొయ్యి వెలగలేదో అయ్యవారికి తెలుసు. అక్కడ పెద్దపిల్లవాడు చిన్నవాడికి చెప్పడం ఇంట్లో అక్క తమ్ముడికి చెప్పినట్టే. సముద్రం దాటాక అదే పద్ధతికి 300 మంది వచ్చారు. లాంకాస్టర్ వెయ్యి మందికైనా ఒక్క మాస్టరు చాలన్నాడు. ఇసుకా వచ్చింది, పెద్దపిల్లవాడూ వచ్చాడు. పన్నెండు అనే అంకె అక్కడే ఉండిపోయింది. పద్ధతిలో అసలు ప్రాణం ఆ అంకెలోనే ఉందని నా నమ్మకం.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఆ 43 మంది పిల్లల బడిలో నేనూ ఇదే చేశాను. అయిదో తరగతిలో ఇద్దరు ఆడపిల్లలుండేవాళ్లు, ఒకటో తరగతిని వాళ్లకు అప్పజెప్పేదాన్ని. ఒకసారి తనిఖీకొచ్చిన అధికారి విజిట్ బుక్‌లో, ఉపాధ్యాయురాలు తన పని పిల్లలచేత చేయిస్తున్నారని రాసిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజంగానే తప్పు చేస్తున్నానేమో అని ఓ నెల మానేశాను. ఒకటో తరగతి పిల్లలు గోడ చూస్తూ కూర్చున్నారు. మళ్లీ మొదలుపెట్టాను, కానీ ఎవరైనా జీపు దిగితే ఆ ఇద్దర్నీ గబగబా వాళ్ల వరసలోకి పంపేదాన్ని. కొన్నేళ్లకు ట్రైనింగుల్లో బహుళ తరగతి బోధన అని ఆ పనే నేర్పించారు. చార్టు మీద దాన్ని చూసినప్పుడు, విజిట్ బుక్‌లోని ఆ ఒక్క వాక్యం కొట్టేయాలనిపించింది. ఇది మా అబ్బ తిన్నె మీది చదువని, 1823లోనే ఒక కలెక్టరు మెచ్చి రాశాడని అప్పుడు తెలిసి ఉంటే, ఆ రోజు తలవంచుకునేదాన్ని కాదు.

పక్క గది ఇంకో కాలానిది. 1853 ప్రాంతంలో కట్టింది. మెట్లుమెట్లుగా పైకి లేచే బల్లలు, 110 మంది పిల్లలు కూర్చునేట్టు. ఈ గది కట్టమని సలహా ఇచ్చింది బడుల ఇన్‌స్పెక్టరుగా తిరిగిన కవి మాథ్యూ ఆర్నాల్డ్. 110 మంది కూడా ఎక్కువే. అయినా పాఠం ఇక్కడ మానిటరు నోట కాక పెద్దవాళ్ల నోట వినిపించింది. 1862లో ఇంగ్లండు ప్రభుత్వం పిల్లల పరీక్ష ఫలితాన్నిబట్టి బడికి డబ్బివ్వడం మొదలుపెట్టింది. ఆర్నాల్డ్ దాన్ని గట్టిగా ఎదిరించాడు. ఆ ఫలితాల పద్ధతే మద్రాసు రాజధానికీ వచ్చి, మిగిలిన వీధిబళ్ల మెడకు చుట్టుకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున పిల్లలకు వచ్చిన ముక్కలను బట్టి అయ్యవారికి గ్రాంటు. ఇసుక మన దగ్గరినుంచి అక్కడికి పోతే, అక్కడినుంచి మన దగ్గరికి వచ్చింది ఇది.

1969 దాకా ఇక్కడ పిల్లలు చదువుకున్నారు. తర్వాత కొన్నాళ్లు ఒక కాలేజీ వాడుకుంది. ఈ గది ఏమిటో, ఎందుకు కూల్చకూడదో ముందుగా గుర్తించింది జిల్ గ్రే అనే విద్యాచరిత్ర పరిశోధకురాలు. పాత పలకలు, పుస్తకాలు, పిల్లల ఆటవస్తువులు ఆమె జీవితాంతం ఏరి దాచింది. ఆ సేకరణ ఇప్పుడు ఇక్కడే ఉంది. 1990లో ఊరివాళ్లు ట్రస్టు పెట్టి కట్టడాలను నిలబెట్టుకున్నారు. నేను పనిచేసిన మొదటి బడి గదిని కూల్చి కొత్త గదులు వేశారు. కొత్త గదులు కావాలి, కాదనను. కానీ హాజరు పట్టీలు, పిల్లలు పేర్లు చెక్కిన బల్లలు, మార్కాపురం పలకలు ఒక ట్రాక్టరులో ఎటు పోయాయో ఎవరూ చెప్పలేదు. ఒక్క పలకైనా అడిగి తెచ్చుకోనందుకు ఆ గదిలో నిలబడి చాలాసేపు బాధపడ్డాను.

బయటికొచ్చే ముందు మళ్లీ ఇసుక పళ్ళెం దగ్గరికి వెళ్లాం. "మీ భాషలో మొదటి అక్షరం ఎట్లా రాస్తారు?" అని పెద్దావిడ మనవరాలిని అడిగింది. అది నా వంక చూసింది. నేను మాట్లాడలేదు. మనవరాలు ఆవిడ చూపుడు వేలు పట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, మెల్లగా అ దిద్దించింది. చివరి మెలిక దగ్గర ఆగి, "ఇక్కడ లోపలికి తిప్పాలి" అని ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ అచ్చం చెప్పినట్టే తిప్పింది. మా ఇద్దరి తలలూ వంగి చూస్తుంటే ఇసుకలో నల్లగా అ.

వెనకాల ఇంకో కుటుంబం పిల్లలు వచ్చి నిలబడ్డారు. ఆవిడ చెక్క తీసుకుని ఇసుక చదును చేసింది. మేం పక్కకు జరిగాం.